పదకొండు రూపాయల కళ్లద్దాలు

ముప్పై అయిదు చెప్పిన కళ్లద్దాలను పదకొండు రూపాయలకు కొన్నదాన్ని నేను. తొంభై ఆరులోనో ఏడులోనో, బాన్సువాడ అంగట్లో. నేల మీద దుప్పటి పరిచి దువ్వెనలు, తాళంకప్పలు, కళ్లద్దాలు కుప్పలుగా పోసుకున్న ఒక మనిషి దగ్గర. మూడుసార్లు లేచి వెళ్లిపోయాను. మూడుసార్లూ వాడితోనే వెనక్కి పిలిపించుకున్నాను. మొదటిసారి ఇరవై అయిదుకు దిగాడు. రెండోసారి పద్దెనిమిదికి. మూడోసారి కావాలనే నాలుగడుగులు ఎక్కువ వేశాను. "దా తల్లీ దా, పొద్దుగాల్నే ఏడిపిస్తున్నవ్, పన్నెండియ్యి" అన్నాడు. పదకొండు చేతిలో పెట్టి, పైన ఒక దువ్వెన కూడా వేయమన్నాను. వేయలేదు. ఆ దువ్వెన ఒక్కటే నా ఓటమి అనుకుంటూ ఇంటికొచ్చాను.

మా బాపు గల్లా మీద కూర్చుని ఉన్నాడు. అద్దాలను వెలుతురుకు ఎత్తి, కాడలు రెండుసార్లు మడిచి విప్పి చూసి, "మంచిగ గుంజినవ్ బిడ్డా" అన్నాడు. కిరాణ దుకాణంలో పుట్టి పెరిగిన పిల్లకు అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఉండదు. ఇంటరు ఫస్టు క్లాసులో పాసయితే కూడా ఆయన ఆ మాట అనలేదు.

ఆ అద్దాలు ఎవరి కోసం కొన్నానో ఆమె అప్పుడు మా దుకాణం వెనక వసారాలో పప్పు ఏరుతోంది. వెంట తీసుకువెళ్లాలని గానీ, పెట్టి చూడమనాలని గానీ నాకు తట్టలేదు. ధర చూశాను, ఫ్రేము చూశాను, కాడలు గట్టిగా ఉన్నాయో లేదో చూశాను. కళ్లు తప్ప అన్నీ చూశాను. ఇంత దరిద్రపు బేరం నేను బతుకులో మళ్లీ చేయలేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, పోయిన వారం నా ముక్కు మీదికీ అద్దాలు వచ్చాయి. కళ్లు పరీక్ష చేసే అమ్మాయి ఒక్కో అద్దం మారుస్తూ, "ఇది బాగుందా మేడమ్, ఇదా?" అని ఎంత ఓపికగా అడిగిందో! "ఈ వయసులో మామూలే మేడమ్, ఏం ఫికర్ లేదు" అంది. నాకిప్పుడు ఆనాటి ఆమె వయసు మీద నాలుగేళ్లు ఎక్కువే. నన్ను ఎవరూ ముసల్ది అనలేదు. ఎవరూ దుకాణంలోంచి వెళ్లగొట్టలేదు. ఆ కుర్చీలో కూర్చున్నంత సేపూ నాకు ఒళ్లు మండిపోయింది. ఆ అమ్మాయి మీద కాదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాయడానికి ఇప్పుడు నాకు అర్హత లేదు. మా వీధిలో అందరికీ ఆమె అవ్వ. అంతే.

పొద్దున్నే వచ్చి కుండలో నీళ్లతో కాళ్లు కడుక్కుని, గోనెసంచి మడత పెట్టుకుని కూర్చునేది. కందిపప్పు చాటలో పోసి అరచేత్తో ఒకసారి పరిచేది, పసిపిల్ల వీపు నిమిరినట్టు. తర్వాత రెండు వేళ్లు పప్పు మీద నడిచేవి. రాయి దొరికితే పక్కనున్న డాల్డా డబ్బాలోకి విసిరేది. టక్. డబ్బా వైపు చూసేది కాదు, గురి తప్పేది కాదు. ముందు గల్లా దగ్గర కూర్చున్న మాకు పొద్దంతా ఆ చప్పుడు వినిపిస్తూనే ఉండేది. టక్, టక్.

రాళ్లను తిట్టేది. "దా, దా. పెండ్లికొడుకు లెక్క నడిమిట్ల కూసున్నవా? లే." నల్ల రాయి అంటే లెక్కలేదు, అది గుడ్డోడికి కూడా దొరుకుతుంది అనేది. తెల్ల రాయి కొంచెం గడుసుది. ఆమెకు అసలు పగ పప్పు రంగులో, పప్పంత సైజులో, పప్పు లాగే ఒక పక్క నున్నగా ఉండే రాయి మీద. దానికి ఆమె పెట్టిన పేరు సుట్టం. "గిది సుట్టం బిడ్డా. మనోళ్ల లెక్కనే ఉంటది. మన పక్కకే కూసుంటది. పన్ను ఇరగ్గొట్టి పోతది." సుట్టం దొరికిన రోజు దాన్ని డబ్బాలో వేయకుండా నాకు తెచ్చి చూపించేది. ఎవరింట్లో అన్నం పెట్టినా పప్పును వేలితో ఒకసారి పక్కకు జరిపి చూడకుండా ముద్ద కలిపేది కాదు. "తప్పు తీసుకోకుండ్రి, చెయ్యి ఊకోదు" అనేది.

ఇంకో పని కూడా ఉండేది ఆమెకు, దానికి కూలి లేదు. ముల్లు తీయడం. వాళ్ల వాడలో ఎవరి కాల్లో ముల్లు దిగినా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. కాలు ఒళ్లో పెట్టుకుని, పిన్నీసుతో అంచు లేపి, వాళ్లతో ఏదో పెళ్లి ముచ్చట మాట్లాడుతూనే లాగేసేది. "అయిపోయింది, ఇగ లే" అంటే తప్ప వాళ్లకు తెలిసేది కాదు.

ఇప్పుడు ఆ డాల్డా డబ్బా సంగతి చెప్పాలి. మాకు అది చెత్తడబ్బా కాదు. బస్తా ఏరడం పూర్తయ్యాక బాపు దాన్ని కాంట మీద పెట్టి తూచేవాడు. ఈ బస్తాలో ఇన్ని రాళ్లు వచ్చాయి అని పప్పు అమ్మిన వ్యాపారికి ఆ డబ్బాతో సహా చూపించి ధర తగ్గించేవాడు. రాళ్లు ఎక్కువ వస్తే సరుకు చెడ్డది, తక్కువ వస్తే మంచిది. మాకు పప్పు గుణం చెప్పేది ఆ డబ్బా. దాన్ని నింపే మనిషి గుణం ఎప్పుడైనా మారవచ్చని మాలో ఎవరికీ తోచలేదు.

ఒక ఏడాది డబ్బా తేలికవడం మొదలయింది. టక్ చప్పుళ్ల మధ్య ఎడం పెరిగింది. అప్పుడే మేం బిచ్కుంద వ్యాపారి ఒకాయన దగ్గర కొత్తగా పప్పు తెస్తున్నాం. లెక్క కుదిరింది కదా! ఆ తెలివి కూడా నాదే. "బాపూ, బిచ్కుంద మాలు అద్దం లెక్కున్నది. అన్నీ గాయన దగ్గర్నే దెద్దాం" అన్నాను. తెచ్చాం. బేరం కూడా ఆడకుండా తెచ్చాం, ఎందుకంటే ఆడడానికి డబ్బాలో రాళ్లు లేవు.

రాళ్లు ఎక్కడికి పోయాయో మా గిరాకీలు చెప్పారు. రిటైరయిన ఒక హెడ్మాస్టరు గారు కాగితం పొట్లం విప్పి గల్లా మీద పెట్టారు. "సేటూ, గిది నీ పప్పుల రాయి. గిది నా పన్ను ముక్క. రెండూ నీవే, ఉంచుకో" అన్నారు. బస్టాండు హోటలాయన సగం బస్తా వాపసు పంపాడు. అయినా మేం పప్పును అనుమానించలేదు. అది అద్దం లాంటి సరుకని మేమే తేల్చాం కదా. మిగిలింది అవ్వ.

నిజం చెప్పాలంటే అన్నీ నా కళ్ల ముందే జరిగాయి. ఆమె నీడలోంచి ఎండలోకి జరిగింది. చాటను ఒళ్లోంచి మోకాళ్ల మీదికి, మోకాళ్ల మీంచి పాదాల దగ్గరికి తోసింది. చేతులు బారచాపి, మెడ వెనక్కి వంచి చూసేది. నేను నవ్వాను.

"ఏందవ్వా, పప్పు మీద కోపమొచ్చిందా? గంత దూరం వెట్టినవ్?"

"దగ్గరికి తెస్తే మొఖం దాసుకుంటున్నది బిడ్డా, సిగ్గువడుతున్నట్టుంది."

చిరిగిన గోనెసంచులు కుట్టేది కూడా ఆమే. రోజుకు రెండు మూడుసార్లు సూదీ దారం పట్టుకుని గల్లా దగ్గరికి వచ్చేది. "బిడ్డా, జర దారం ఎక్కియ్యి." ఎక్కించేదాన్ని, విసుక్కుంటూ. పని తప్పించుకుని ముచ్చట్లు పెట్టడానికి వస్తోందని అనుకున్నాను. ఆమె వాడలో ముల్లు తీయించుకోవడానికి కూడా ఎవరూ రావడం లేదని, వచ్చిన ఒకతని కాలు నెత్తురు చేసిందని, తర్వాత తెలిసింది.

"ఇగ దానితోని కాదు. ముసల్దయింది. ఇంకోదాన్ని సూడు" అన్నాడు బాపు.

ఆమెకు అప్పుడు నలభై ఆరు. తలలో సగం వెంట్రుకలు నల్లగానే ఉన్నాయి. బస్తా ఒక్కతే ఈడ్చేది. ఆ మాట విని నాకు కోపం వచ్చిందని రాయాలని ఉంది. రాలేదు. నాకు తట్టింది ఏంటంటే, కొత్త మనిషిని పెట్టుకుంటే ఎక్కువ కూలి అడుగుతుంది, అద్దాలు కొంటే చవక. అందుకే అంగడికి వెళ్లాను.

అద్దాలు ఇచ్చినప్పుడు ఆమె చేతులు చీరకు తుడుచుకుని తీసుకుంది. పెట్టుకుని నా వైపు చూసింది. అద్దాల వెనక ఆమె కళ్లు ఇంతింత పెద్దగా కనిపించాయి.

"ఎట్లున్నదవ్వా?"

"మంచిగున్నది బిడ్డా. మస్తు మంచిగున్నది."

మా ఎదురుగా పిండి గిర్ని. గిర్ని నడిపే ఆయన నోరు గిర్ని కంటే ఎక్కువ తిరిగేది. కూలికి పోయే ఆడమనిషి అద్దాలు పెట్టుకోవడం మా వీధిలో అప్పటి దాకా ఎవరూ చూడలేదు.

"ఓ టీచరమ్మా! ఇయ్యాల బడి లేదా?" అని అరిచాడు.

"ఉన్నది గని ఒకడు గోడ దుంకి పారిపోయిండు. నీ అసొంటోడే. ఎతుకుతున్న" అంది. గిర్ని దగ్గర పిండి పట్టించుకోవడానికి నిలబడ్డ ఆడవాళ్లంతా నవ్వారు. ఆమె మాత్రం లోపలికి వచ్చి అద్దాలు తీసి కొంగులో పెట్టుకుంది. మళ్లీ నేను వసారాలోకి వెళ్లినప్పుడు గబగబా తగిలించుకుంది. నా కోసం.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఆ ఎనిమిది నెలలూ నుదుటికి ఒక గుడ్డ బిగించి కట్టుకునేది. "తల్కాయ జర పలుగుతున్నది" అనేది. చాట ఇప్పుడు ముక్కు దగ్గరికి వచ్చింది. ముందు దూరంగా పెట్టి చూసిన మనిషి ఇప్పుడు ఇంత దగ్గరగా ఎందుకు చూస్తోందని నేను ఒక్క పూట ఆలోచించి ఉంటే సరిపోయేది. సబ్బుబిళ్ల మీద పావలా తేడా వస్తే రాత్రంతా ఆలోచించే దాన్ని.

తర్వాత ఒక పెళ్లి వచ్చింది. పిట్లం దగ్గర ఊరు. ఆడపిల్ల తండ్రి నలభై కిలోల పప్పు మా దగ్గరే తీసుకున్నాడు. పెళ్లయిన రెండో రోజు దుకాణం నిండా జనం ఉండగా వచ్చి నిలబడ్డాడు.

"మొగపిల్లగాని దిక్కోళ్లు పంక్తిల కూసున్నరు సేటూ. ఒకనికి పటుక్కుమన్నది, ఇంకొకనికి పటుక్కుమన్నది. ఇస్తరాకులు వట్టుకొని లేసిండ్రు. నా ఇజ్జత్ తీసినవ్ గద సేటూ!"

బాపు వెనక్కి తిరిగి అరిచాడు. అవ్వ వచ్చింది, చేతికి పప్పు దుమ్ము, నుదుటికి గుడ్డ.

"రేపటి సంది రాకు" అన్నాడు బాపు. "నీ కండ్లు వోయినయి. ఇంట్ల కూసో."

అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె నన్ను చూసింది. నేను అన్న మాట ఇది, అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "పైసలు వెట్టి అద్దాలు గూడ కొనిచ్చిన. ఇంకేం జెయ్యాలె?"

ఆమె అద్దాలు తీసి గల్లా మీద పెట్టింది. "గివి వెట్టుకుంటే పప్పు ముక్కుకాడికి దెచ్చుకుంటెనే కనవడ్తది బిడ్డా. జర దూరమైతే మబ్బు. నువ్వు మోజువడి తెచ్చినవని వెట్టుకున్న. నా చెయ్యి దాటి రాయి పోలే. కండ్లు దాటి వోయింది" అంది. కాళ్లు కడుక్కోకుండానే వెళ్లిపోయింది.

గిరాకీ తగ్గాక ఆ అద్దాలు నేను పెట్టుకుని చూశాను. నేల లేచి మీదికి వచ్చింది. వసారాలోకి పోబోయి గడప తన్నుకుని బోర్లా పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. పది నిమిషాలు పెట్టుకున్న దానికి కణతలు దడదడలాడాయి. ఎనిమిది నెలలు పెట్టుకుంది ఆమె. మోజుపడి తెచ్చానట! పదకొండు రూపాయలకు గుంజుకొచ్చిన దరిద్రాన్ని ఆమె మోజు అనుకుంది.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. రానంది. బతిమాలాను. అది కూడా బేరం లాగే చేశాను, సిగ్గులేకుండా: "నా కోసం రా అవ్వా." బస్టాండు దగ్గర ఒక మడిగె కొట్టులో వారానికి రెండు రోజులు నిజామాబాదు నుంచి వచ్చి కళ్లు పరీక్ష చేసే ఒకాయన ఉండేవాడు. అక్కడికి తీసుకువెళ్లాను.

నేను వెంట తీసుకువెళ్లిన అంగడి అద్దాలను ఆయన ఒకసారి ఎత్తి చూసి, "ఇవి ఎవరికి కొన్నరు?" అని అడిగాడు. "ఆమె కండ్లు రెండూ ఒక తీరు లేవు. రెంటికీ వేరే వేరే నంబరు వస్తది. గివి రెంటికీ పనికి రావు" అన్నాడు.

దూరం చూపుకు గోడ మీద మూడు కాళ్ల గుర్తులున్న అట్ట. ఏ గుర్తు కాళ్లు ఎటు తిరిగాయో వేలితో చూపించమన్నాడు, గబగబా చూపించింది. దూరం బాగానే ఉంది. తర్వాత చేతిలో చదివే కాగితం పెట్టాడు.

"నాకు అచ్చరాలు రావు సారూ" అంది.

"ఏదైనా గుర్తువట్టు అవ్వా, చిన్నది పెద్దది."

ఆమె కొంగు ముడి విప్పింది. అందులో గుప్పెడు కందిపప్పు. ఇంటి నుంచి కట్టుకొచ్చింది. బల్ల మీదున్న స్టీలు పళ్లెంలో పోసి, అరచేత్తో పరిచి, "ఇగ మార్వుండ్రి" అంది.

ఆయన నవ్వలేదు. అందుకు ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను. ఆమె ముక్కు మీద గుండ్రటి బరువైన ఫ్రేము పెట్టి, ఒక్కో అద్దం మార్చడం మొదలుపెట్టాడు. ఒకటి. ఊహూ. ఇంకొకటి. "జర నయం." ఇంకొకటి. రెండో కంటికి వేరేది. ఆమె వేళ్లు పప్పు మీద నడవడం మొదలుపెట్టాయి. నిదానంగా, తర్వాత కొంచెం వేగంగా. ఒకచోట ఆగాయి.

"ఆగుండ్రి. గిదే. గీ అద్దమే."

రెండు వేళ్ల మధ్య పప్పుగింజ లాంటిది పట్టుకుని నా ముందు పెట్టింది. సుట్టం. పరీక్ష కోసం ఆమే అందులో వేసి తెచ్చింది, నిన్నటి దాకా తనకు కనపడకుండా తిరిగిన దాన్ని, వాళ్ల కోడలితో ఏరించి.

తర్వాత తన చేతులు చూసుకుంది. తిప్పి తిప్పి చూసుకుంది. వేళ్ల చివర పగుళ్లు, గోళ్ల కింద పసుపు. "గివి నా చేతులేనా సారూ? ఎప్పుడు గిట్లయినయి?" అంది.

నూట నలభై అన్నాడు ఆయన, ఫ్రేముతో కలిపి. నా నోరు ఊరుకుంటుందా? "వందకు రాదా?" అనేశాను. అవ్వ నా మోచేయి గట్టిగా గిల్లింది. "బేరం జెయ్యకు బిడ్డా. నువ్వు పైసలు తగ్గిస్తే ఆయన అద్దం తగ్గిస్తడు." మా దుకాణంలో నాకు ఎవరూ నేర్పని సంగతి ఇది. మేం రోజూ చేసే పనే అయినా.

మూడో రోజు అద్దాలు వచ్చాయి. పెట్టుకుని పిలవకుండానే మా దుకాణానికి వచ్చింది. ఇదివరకు తను ఏరిన రెండు బస్తాలు ఇంకా గోదాములో ఉన్నాయి. వాటిని వసారాలోకి ఈడ్చి, గోనెసంచి మడిచి కూర్చుంది. చాట మళ్లీ ఒళ్లోకి వచ్చింది. సూది తీసి, దారం తడిపి, ఒక్కసారికే ఎక్కించి, నాకు కనపడేలా గాలిలో ఎత్తి పట్టింది.

టక్.

టక్, టక్, టక్.

గల్లా మీదున్న బాపు తల ఎత్తాడు. రెండు రోజులు ఆ చప్పుడు ఆగలేదు. రెండో రోజు సాయంత్రానికి డబ్బా నిండింది. ఇన్నాళ్లూ అద్దం అనుకున్న బిచ్కుంద పప్పులోంచి, మేం ఏ పాత వ్యాపారి దగ్గరా ఎప్పుడూ చూడనన్ని రాళ్లు. ఆమే తెచ్చి కాంట మీద పెట్టింది. బాపు మొహం ఎర్రబడింది. బిచ్కుందకు పోయి ఆ వ్యాపారి కాలరు పట్టుకుంటానని లేచాడు.

"గాయనదేం తప్పు సేటూ? ఆయన ఎప్పటి లెక్కనే పంపిండు. మీరు నా కండ్లను జూసి పప్పును కొన్నరు" అంది అవ్వ.

బాపు మళ్లీ గల్లా మీద కూర్చుని, "సరే. రేపటి సంది రా. రోజుకు రెండు రూపాలు ఎక్కువిస్త" అన్నాడు.

"రెండు రూపాలు నేనడగలే. నన్ను అందరి ముంగట రావద్దన్నరు. గిప్పుడు అందరి ముంగట ఒక్క మాటనుండ్రి. అవ్వ చెయ్యి మంచిదే, మేమే సూసుకోలే అనుండ్రి. ఇగ నా నోరు లెవ్వదు."

"నౌకరికి వచ్చినవా, పంచాయితికి వచ్చినవా?" అన్నాడు బాపు.

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వన్న అను బిడ్డా."

దుకాణంలో అప్పుడు నలుగురు గిరాకీలు ఉన్నారు. హోటలాయన ఉన్నాడు. గిర్ని ఆయన కూడా గుమ్మంలో ఉన్నాడు. వంకర లేకుండా ఉన్న సబ్బుల వరసను నేను మళ్లీ సర్దాను.

ఆమె వెళ్లిపోయింది. వారం తిరక్కుండా మా వరసలోనే నాలుగు దుకాణాల అవతల ఇంకొకరి వసారాలో కూర్చుంది. మా గిరాకీలు ఒక్కొక్కరూ అటు జరిగారు. "అవ్వ ఏరిన పప్పేనా?" అని అడిగి తీసుకునేవాళ్లు. వాళ్ల వాడలో మళ్లీ కాళ్లు ఆమె ఒళ్లోకి వచ్చాయి. చుట్టుపక్కల పిల్లల తలలన్నిట్లో పేలు ఏరిందట. వాళ్ల కోడలు నాకు అంగట్లో కనిపించి చెప్పింది: "అద్దాలొచ్చిన కాంచి అత్త మమ్ముల నిద్రవోనిస్తలేదక్కా. బియ్యంల పురుగు కనవడ్తదట, గిన్నె అంచుకు మసి కనవడ్తదట. గిన్నేండ్లు నువ్వు గిట్లనే తోముతున్నవా అని తిడుతున్నది." తిట్టినట్టు చెబుతూనే మురిసిపోయింది. ఒక జత గాజు ముక్కలు. వాటి కోసం రెండేళ్లు ఆ మనిషి తన ఇంట్లో తానే గుడ్డిదానిలా తడుముకుంది, మేం దానికి ముసలితనం అని పేరు పెట్టాం. ఎంతమందికి పెట్టి ఉంటాం ఆ పేరు? తలచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను.

ఆ తర్వాత ఆరేడేళ్లకు, రెండు వేల మూడు ప్రాంతంలో, ఒక పొద్దున మా దుకాణానికి వచ్చింది. బాపు అప్పటికే లేడు. గల్లా నాది. కుడి కాడ విరిగితే రాగి తీగ చుట్టిన అవే అద్దాలు.

"కిలో కందిపప్పు ఇయ్యి బిడ్డా."

కట్టి ఇచ్చాను. పొట్లం అక్కడే విప్పి, పప్పును గల్లా బల్ల మీద పోసి, అరచేత్తో పరిచింది. గిరాకీలు జరిగి చోటిచ్చారు. రెండు వేళ్లు నడిచాయి. ఆగాయి. ఒక సుట్టాన్ని తీసి నా ముందు పెట్టింది.

"గిది నీది" అంది. పప్పు మళ్లీ పొట్లం కట్టుకుని, పైసలు సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చింది.

"పైసలొద్దవ్వా" అన్నాను.

"నేను పైసల కోసం రాలే బిడ్డా."

ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. ఇంకో అవకాశం ఇవ్వడానికి వచ్చింది. అందరూ చూస్తున్నారు. నోట్లో మాట ఉంది. "మళ్ల రా అవ్వా" అన్నాను, ఎవరితోనైనా అనే మాట. ఆమె అద్దాల మీదుగా నన్ను ఒక్క క్షణం చూసి వెళ్లిపోయింది.

ఇంకో నాలుగేళ్లకు పోయింది. గిర్ని ఆయన చెప్పాడు. వెళ్లాను. వాకిట్లో జనం. కోడలు ఏడుస్తూనే నన్ను పట్టుకుని అక్కడున్న ఆడవాళ్లకు చెప్పింది: "మా అత్తకు అద్దాలు కొనిచ్చింది గీ అక్కనే." వాళ్లంతా నా వైపు మెచ్చుకోలుగా చూశారు. ఒకామె నా చేయి నిమిరింది. నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు.

ఇగ లెక్క చెబుతాను. ఇంతవరకూ రెండు సంగతులు దాచాను.

ఆ నూట నలభై నేను గల్లాలోంచి తీసి ఇచ్చాను, నిజమే. ఆ సాయంత్రం అవ్వ మా దుకాణం గడప దాటకముందే బాపు ఆమెకు రావలసిన కూలి లెక్క చేశాడు. రెండు బస్తాలు మళ్లీ ఏరిన ఆ రెండు రోజులకు కూలి వేయలేదు, అది ఆమె తప్పు దిద్దుకోవడమట. "అద్దాలకు నూట నలభై పట్టుకున్న" అని మిగిలినవి ఇచ్చాడు. అవ్వ వాటిని కొంగులో కట్టుకుంది. నేను మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాను. ఆ అద్దాలు ఆమే కొనుక్కుంది, పూర్తి ధర పెట్టి. ఊళ్లో అందరికీ మాత్రం నేనే కొనిచ్చానని చెప్పుకున్నాను.

రెండోది. ఆమె గల్లా మీద వదిలేసిన అంగడి అద్దాలు ఏడాది పాటు సొరుగులో పడి ఉన్నాయి. డోంగ్లి దిక్కు నుంచి బెల్లం కోసం వచ్చిన ఒక ముసలాయన, సగం మరాఠీ సగం తెలుగు, చిల్లర కోసం నేను సొరుగు తీసినప్పుడు వాటిని చూసి అడిగాడు. పెట్టుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. మోకాలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఇరవై అన్నాను. పది అన్నాడు. పదిహేనుకు ఇచ్చాను.

కొన్నది పదకొండు. అమ్మింది పదిహేను. ఆమె కళ్ల మీద మా దుకాణానికి మొత్తం మీద మిగిలింది నాలుగు రూపాయలు.